పెద్ద కంపెనీతో చిన్న స్టార్టప్ పోటీ: అపోహలు - వాస్తవాలు

మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే చిన్న స్టార్టప్ మాది. మొత్తం తొమ్మిది మందిమి. ఒక పెద్ద కంపెనీ కూడా ఇదే పనిలోకి దిగినప్పటి నుంచి, కొత్తగా స్టార్టప్ పెట్టే కుర్రాళ్లు నన్ను అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

అపోహ: పెద్ద కంపెనీ మన ఫీచర్లు కాపీ కొడితే ఇక దుకాణం కట్టేయడమే.

వాస్తవం: ఇంటి లెక్కలు రాసుకునే క్వికెన్ అనే సాఫ్ట్‌వేర్‌కు పోటీగా మైక్రోసాఫ్ట్ 1991లో 'మనీ' తెచ్చింది. 1994 వచ్చేసరికి క్వికెన్ తయారుచేసే ఇన్‌ట్యూట్‌నే కొనబోయింది. అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కడంతో 1995లో ఆ బేరం వదులుకుంది. 2009లో మనీ అమ్మకాలు ఆపేసింది. క్వికెన్ ఇప్పటికీ ఉంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ బాగుంటే చాలు, దానంతట అదే అమ్ముడుపోతుంది.

వాస్తవం: చాలాకాలం నేనూ ఇది నమ్మాను, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్లాక్ అంటే ఆఫీసుల్లో ఉద్యోగులు మెసేజ్‌లు పంపుకునే సాఫ్ట్‌వేర్. 2016 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ దానికి పోటీగా టీమ్స్‌ను ప్రకటించిన రోజే స్లాక్ వాళ్లు న్యూయార్క్ టైమ్స్‌లో ఫుల్ పేజీ యాడ్ ఇచ్చి మరీ స్వాగతం చెప్పారు. అంత ధీమా. కానీ టీమ్స్ ఆఫీస్ 365 ప్యాకేజీలో కలిసి వచ్చింది. దానికి విడిగా డబ్బు కట్టే పని లేదు. ఇలా కలిపి ఇవ్వడం అన్యాయమని 2020 జులైలో స్లాక్, యూరప్‌లో కంపెనీల పోటీ నియమాలు చూసే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. టీమ్స్ లేని ఆఫీస్‌ను తక్కువ ధరకు ఇస్తామన్న మైక్రోసాఫ్ట్ హామీలను కమిషన్ ఆమోదించేసరికి 2025 సెప్టెంబర్ వచ్చింది. అప్పటికి స్లాక్ సేల్స్‌ఫోర్స్ అనే మరో పెద్ద కంపెనీ చేతికి వెళ్లి నాలుగేళ్లు.

మాకూ ఇది ఎదురైంది. పది బ్రాంచీలున్న ఓ మెడికల్ షాపు ఓనర్ గారు, "మీదే బాగుందండీ, కాదనను. కానీ అకౌంట్స్ ప్యాకేజీతో పాటు వాళ్లది ఊరికే వస్తోంది కదా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఊరికే వచ్చేదానితో రేటు తగ్గించి పోటీపడకూడదని మాత్రం ఆ రోజే తేల్చుకున్నాం.

అపోహ: చిన్న కంపెనీ బలమంతా వేగంలోనే ఉంది.

వాస్తవం: కోడ్ రాసే వేగంలో వాళ్లను దాటలేం. మన బలం కౌంటర్ దగ్గర నిలబడి చూడటం. పది మాత్రల స్ట్రిప్‌లో మూడే కత్తిరించి ఇస్తారు. మిగతా ఏడూ బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీతో సహా స్టాక్‌లో నిలవాలి. డిస్ట్రిబ్యూటర్ పదికి ఒకటి ఫ్రీ ఇస్తే కొన్న ధర మారిపోతుంది. షాపులో గంటలకొద్దీ కూర్చుంటే తప్ప ఇవి తెలియవు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ముందు రోజు రాత్రి తొమ్మిది మందిమీ ఫోన్ల దగ్గరే ఉన్నాం. ఫోన్ చేసిన షాపుల వాళ్లందరిదీ ఒకటే టెన్షన్: "పాత ఎమ్మార్పీ ఉన్న స్ట్రిప్‌కు పొద్దున్నే బిల్లు ఎంత వేయాలి?"

అపోహ: ఫీచర్లు తక్కువని కస్టమర్ వెనకాడతాడు.

వాస్తవం: "రేపు మీరు మూసేస్తే నా లెక్కల గతేంటి?" అన్నదే అసలు భయం. అది న్యాయమైన భయం. అందుకే రోజూ రాత్రి డేటా మొత్తం షాపు కంప్యూటర్‌లోనే ఎక్సెల్ ఫైలుగా పడేలా పెట్టాం. డెమోలో మొదట చూపించేది అదే. ఇంటర్నెట్ వైరు తీసేసి, ఆ ఫైలును ఓనర్ గారి చేతే తెరిపిస్తాం.