పైపులో పటిక కలిపే సుడి రెక్కలు: అపోహలు - వాస్తవాలు

వానల్లో నాగావళి ఎర్రబడితే రాయగడ వైపు పంపు హౌసుల్లో ముందు గుర్తొచ్చేది పటిక, ఒడియావాళ్ల ఫిటికిరి. దాన్ని నేరుగా పైపులోకి ఎక్కించేచోట లోపలి గోడకు త్రికోణపు రెక్కలు బిగిస్తారు. వాటి అంచులు దాటిన నీరు ఎదురెదురుగా తిరిగే జంట సుడులవుతుంది. ఆ సుడులు గోడ పక్క నీటిని నడిమికి, నడిమి నీటిని గోడకు తోస్తాయి.

అపోహ: నీరు జోరుగా పోతోంది కదా, దానంతటదే కలుస్తుంది.

వాస్తవం: కలుస్తుంది, ఆలస్యంగా. 150 మి.మీ. పైపు, సెకనుకు 1.5 మీటర్ల వేగం అనుకోండి (గంటకు 95 ఘనపు మీటర్లు). రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత కల్లోలంగా ఉందో చెప్పే లెక్క) 2 లక్షలు దాటినా, ఖాళీ పైపులో పూర్తిగా కలవడానికి వ్యాసానికి వంద రెట్ల పొడవు దాకా పడుతుంది. అంటే 15 మీటర్లు, 10 సెకన్లు. పటిక అంతసేపు ఆగదు, బురద రేణువులను గుమిగూర్చే దాని పని సెకనులోపే చాలామటుకు తేలిపోతుంది. ఒక పక్క మోతాదు మించుతుంది, మరో పక్క బురద బురదగానే ఉంటుంది. మందును పైపు నడిమికి వదిలి, రెక్కలు సరిగా పెడితే 3-5 వ్యాసాల్లో, అర సెకనులో తెమిలిపోతుంది.

అపోహ: రెక్కలున్నాయి కాబట్టి డోసింగ్ పంపు (పటిక ద్రావణాన్ని కొలతగా ఎక్కించేది) ఏదైనా ఒకటే.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సుడులు పైపుకు అడ్డంగా కలుపుతాయి, పొడవునా కలపవు. నిమిషానికి 60 స్ట్రోకులు కొట్టే డయాఫ్రమ్ పంపు (లోపలి పొర ముందుకూ వెనక్కూ ఆడి ద్రావణాన్ని నెట్టేది) సెకనుకో గుక్క వదులుతుంది. గుక్కకూ గుక్కకూ మధ్య నీరు 1.5 మీటర్లు జరిగిపోతుంది. ఆ ఖాళీని ఏ రెక్కా పూడ్చదు. స్ట్రోకు పొడవు తగ్గించి సంఖ్య పెంచండి, పల్సేషన్ డ్యాంపర్ (గుక్కల ఒడుదుడుకును సర్దే చిన్న గది) పెట్టండి. పై పైపులో లీటరు నీటికి 30 మి.గ్రా. పటిక మోతాదుకు 10 శాతం ద్రావణం గంటకు 29 లీటర్లు సరిపోతుంది. 5 శాతానికి పల్చన చేస్తే 57 లీటర్లు కావాలి, స్ట్రోకులు దగ్గరపడతాయి. 1 శాతం కంటే పల్చన మాత్రం వద్దు, పటిక డ్రమ్ములోనే విరిగి తెట్టెలు కడుతుంది.

అపోహ: రెక్కలు ఎంత ఎక్కువైతే అంత మేలు.

వాస్తవం: మరీ దగ్గరగా పెడితే ఒకదాని సుడిని ఇంకోటి చెరుపుతుంది, ప్రెషర్ మాత్రం పోతుంది.

అపోహ: ఎటు తిప్పి బిగించినా పరవాలేదు.

వాస్తవం: రెక్క నీరు పోయే వైపుకే వాలాలి, గోడతో సుమారు 30 డిగ్రీలు. ఎదురు వాలితే ఆకులూ గోనె పీచూ దాని కింద చిక్కుకుంటాయి. ద్రావణం పీహెచ్ 3 దగ్గర ఉంటుంది గనుక మైల్డ్ స్టీలును తినేస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ వాడండి.

అపోహ: కుళాయి శాంపుల్ బాగుంటే కలిసినట్టే.

వాస్తవం: ఆ కుళాయి గోడ పక్క నీటినే చూపిస్తుంది. పటిక బదులు కాసేపు ఉప్పు ద్రావణం ఎక్కించండి. లోపలికి జరిగే గొట్టంతో అడ్డంగా ఐదు చోట్ల నీరు తీసి, కండక్టివిటీ (నీటి విద్యుత్ వాహకత) చూసి, అందులోంచి ఉప్పు వేయకముందు వచ్చిన రీడింగును తీసేయండి. ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే 0.05 లోపు రావాలి. ప్రతి సీసానూ 20-30 సెకన్లపాటు నింపండి, లేదంటే కొలిచేది పంపు గుక్కనే.