ధర్మాసుపత్రికి డబ్బు ఎక్కడిది?

హైదరాబాద్

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

తాతయ్య కళ్లు చూపించడానికి బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, కౌంటరు దగ్గర మనం డబ్బు కట్టడం చూసి, “లాభం కోసం నడిపే ఆసుపత్రి కాదన్నావు, మరి డబ్బెందుకు తీసుకున్నారు?” అని అడిగారు. నేను ఒక సేవా ఆసుపత్రి లెక్కల విభాగంలోనే పనిచేసి రిటైరయ్యాను కనుక, నాకు ఇష్టమైన ప్రశ్న ఇది.

లాభాపేక్ష లేని సంస్థ ఫీజు తీసుకోవచ్చు, ఏడాది చివర దాని దగ్గర డబ్బు మిగలనూ వచ్చు. మిగలకపోతే పాతబడిన యంత్రాన్ని మార్చడం ఎలా? అయితే ఆ మిగులును పంచుకునే వాటాదారులంటూ ఎవరూ ఉండరు. ధర్మసంస్థగా పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయంలో కనీసం 85 శాతం ఆశయాల కోసమే వినియోగించాలని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలాఖరున మా విభాగంలో ఎవరికీ నిద్ర ఉండేది కాదంటే అందుకే.

మనం వెళ్లిన ఆసుపత్రి 1987లో మొదలైంది. అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు దాన్ని స్థాపించగా, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. కానీ ఎంత పెద్ద విరాళమైనా భవనం లేపడానికి సరిపోతుందే తప్ప రోజువారీ ఖర్చును ఏళ్ల తరబడి మోయలేదు. ఆ బరువులో ఎక్కువ భాగాన్ని మనలాగా కట్టగలిగినవాళ్ల ఫీజులే మోస్తాయి, దానివల్ల కట్టలేనివాళ్లకు ఉచితంగా ఆపరేషన్ చేయడం వీలవుతుంది.

అయితే నిర్మల్ జిల్లా ముథోల్ దగ్గర పల్లెలో బీడీలు చుట్టుకునే మనిషి, ఆపరేషన్ ఉచితమే అన్నా, రెండు రోజుల కూలి పోగొట్టుకొని, తోడుకు ఇంకొకరిని పెట్టుకొని హైదరాబాద్ రావాలంటే మాటలా? అందుకే ఆ సంస్థ 1996లో ముథోల్‌లోనే కంటి ఆసుపత్రి తెరిచింది. ఆ తర్వాత సుమారు 50 వేల జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రం, 5 లక్షల జనాభాకు ఆపరేషన్ చేయగల ఒక ఆసుపత్రి, చిక్కు కేసులకు నగరంలో పెద్దాసుపత్రి అన్న వరుసలో విస్తరించింది. నలభై దాటాక ఆ బీడీ కార్మికురాలికి ఆకు అంచు, దారం మసకబారితే చాలాసార్లు కావలసింది దగ్గరి చూపు అద్దాలు మాత్రమే, వాటికి పెద్ద డాక్టరుతో పనిలేదు. చిన్న కేంద్రంలోని టెక్నీషియన్ చార్టు చదివించి, ఒక్కొక్క అద్దం మార్చి చూసి, నంబరు రాసిస్తారు. శుక్లమో నీటికాసులో అని అనుమానం వస్తే పై ఆసుపత్రికి పంపుతారు.

ఆ టెక్నీషియన్లు ఎవరనుకున్నారు? చాలావరకు ఆ చుట్టుపక్కల ఊళ్లలో చదువుకున్న పిల్లలే. సంస్థే వాళ్లకు ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి పనిలో పెట్టుకుంటుంది. ఊరికి వైద్యంతో పాటు ఉద్యోగమూ వచ్చింది, పైగా అదే ఊరి మనిషి కనుక పట్నానికి బదిలీ ఎప్పుడా అని ఎదురుచూడడం ఉండదు. ఇది నాకు చాలా తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది.

సిబ్బంది విషయంలో మాత్రం అన్ని సేవా సంస్థలూ ఒకేలా ఉండవు. “మనది సేవ కదమ్మా” అంటూ నర్సుల జీతాలు నెల దాటించిన చోట్లు నేనెరుగుదును. పని నేర్చిన నర్సు కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లిపోతే, కొత్తగా వచ్చిన అమ్మాయి చేయి తిరిగేదాకా ఇబ్బందిపడేది డబ్బు కట్టలేని రోగే. అందుకని జీతాల పద్దును కోసి ఉచిత వైద్యం పద్దులో వేసే లెక్కను నేను ఏనాడూ ఒప్పుకోలేదు. అలాగే డాక్టరు జీతం ఆయన చేసిన ఆపరేషన్ల సంఖ్యను బట్టి పెరగకూడదు, పెరిగితే అక్కరలేని ఆపరేషన్లూ పుట్టుకొస్తాయి.

ఉన్నవాళ్లు కూడా లేదని చెప్పి ఉచితంగా చేయించుకోరా అని చిన్నవాడు అడిగాడు. చేయించుకుంటారు నాన్నా. మా దగ్గర తెల్ల రేషన్ కార్డు చూసేవాళ్లం, అదీ లేకపోతే మాట నమ్మేవాళ్లం. ఇంటింటికీ మనిషిని పంపి విచారించే ఖర్చు మోసపోయే డబ్బుకంటే ఎక్కువవుతుంది, ఆ విచారణకు సిగ్గుపడి నిజంగా లేనివాళ్లు రావడమే మానేస్తారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ