కారు అదే, ఊరు మారితే ప్రీమియం ఎందుకు మారుతుంది?

ప్రియమైన పిల్లలకు,

కారు ఒకటే మోడల్, కొన్న సంవత్సరం ఒకటే, నడిపే ఇద్దరూ ఇంతవరకూ ఎవర్నీ గుద్దింది లేదు. అయినా ఒక నగరంలో ఉన్నాయన కంటే ఇంకో నగరంలో ఉన్నాయన ఇన్సూరెన్స్‌కి ఎక్కువ కడుతున్నాడు. ఇదేం న్యాయం అని అడిగారు. ముందు లెక్క చూద్దాం, న్యాయం సంగతి తర్వాత.

ఫలానా కారుకి ఈ ఏడాది ఏమవుతుందో ఏ కంపెనీ చెప్పలేదు. కానీ వేల కార్లను కలిపి చూస్తే, వాటిలో సుమారు ఎన్నిటికి దెబ్బ తగులుతుందో పాత రికార్డులను బట్టి అంచనా కట్టొచ్చు. అందుకే కంపెనీ మీ కారుని ఒంటరిగా చూడదు. అది తిరిగే చోట తిరిగే కార్లన్నిటితో కలిపి చూసి, ఆ గుంపుకయ్యే ఖర్చుని అందరికీ పంచుతుంది.

ఒక కాగితం తీసుకోండి. ఊహకి మాత్రమే: ఒక ఊళ్లో 1,000 కార్లున్నాయి. ఏడాదికి 50 దెబ్బతింటాయి, ఒక్కోదానికి రిపేరు 20,000 రూపాయలు. మొత్తం 10 లక్షలు, తలా 1,000. ఇంకో ఊళ్లోనూ 1,000 కార్లే. కానీ 100 దెబ్బతింటాయి, రిపేరు 30,000. మొత్తం 30 లక్షలు, తలా 3,000. చూశారా, ప్రమాదాలు రెట్టింపే, రిపేరు ఖర్చు ఒకటిన్నర రెట్లే, ప్రీమియం మాత్రం మూడు రెట్లయింది! కంపెనీ ఆఫీసు ఖర్చులు, ఏజెంటు కమిషను, లాభం కూడా ఇందులో కలుస్తాయి కానీ వాటిని వదిలేద్దాం.

ప్రమాదాలు ఎక్కడ ఎక్కువ? కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే చోట. సిగ్నల్ దగ్గర వెనకనుంచి తగలడం, పార్కింగ్‌లో తలుపు గీసుకుపోవడం, సందులో అద్దం విరగడం లాంటివి పెద్ద నగరాల్లో రోజూ జరుగుతూనే ఉంటాయి. అలాగని ఊరి బయట అంతా చవకే అనుకోకండి. ఖాళీ రోడ్డు మీద ప్రమాదాలు తక్కువే, కానీ వేగం ఎక్కువ కాబట్టి జరిగిందంటే మామూలుగా ఉండదు. రెండు చోట్లా ఖర్చుంది, దాని తీరే వేరు.

ఇక రిపేరు. ఒకప్పుడు బంపర్ అంటే ఒక రేకు. సొట్ట పడితే సుత్తితో కొట్టి సరిచేసేవాళ్లు. ఇప్పుడు దాని వెనక పార్కింగ్ సెన్సర్లుంటాయి, కొన్ని కార్లకి రాడార్ కూడా ఉంటుంది. ముందు అద్దం లోపలివైపు కెమెరా ఉన్న కారైతే, అద్దం పగిలినప్పుడు కొత్తది బిగిస్తే పని అయిపోదు. ఆ కెమెరా రోడ్డుని మళ్లీ సరిగ్గా చూసేలా దాన్ని సెట్ చెయ్యాలి, దానికి వేరే పరికరాలు కావాలి, నేర్చిన మనిషి కావాలి. పార్టుల ధర అన్ని చోట్లా దగ్గరదగ్గరగానే ఉన్నా, ఆ మనిషి కూలి, ఆ షెడ్డు అద్దె నగరాన్ని బట్టి మారిపోతాయి. ఆ అద్దె కూడా చివరికి మన ప్రీమియంలోనే కూర్చుంటుంది.

దొంగతనాలూ అంతే, కొన్ని నగరాల్లో ఎక్కువ. కెనడాలో ఎత్తుకుపోయిన కార్లని కంటైనర్లలో దాచి మాంట్రియల్ రేవు నుంచి విదేశాలకు పంపిన ఉదంతాలు చాలా ఉన్నాయి. వాతావరణం సంగతికొస్తే, అమెరికాలో టెక్సస్, కొలరాడో వైపు వడగళ్లు పడితే ఒక్క పూటలో వేల కార్ల టాపులు సొట్టలు పోతాయి. వరదైతే ఇంకా నష్టం. సీట్ల కింద ఉండే వైరింగు తడిసిందంటే కారు పైకి నిగనిగలాడుతున్నా లోపల పని అయిపోయినట్టే.

చాలామందికి తట్టనిది చట్టం. అమెరికాలో డెట్రాయిట్ నగరం ప్రీమియం మోతకి ఏళ్ల తరబడి పేరుమోసింది. అది మిషిగన్ రాష్ట్రంలో ఉంది. అక్కడ 1973 నుంచి నడిచిన చట్టం ప్రకారం, ప్రమాదంలో గాయపడిన వాళ్లకి జీవితాంతం వైద్యం చేయించాల్సి వచ్చినా, ఆ ఖర్చంతా పరిమితి లేకుండా ఇన్సూరెన్సే భరించాలి. మంచి ఉద్దేశమే, కానీ బిల్లు ఎవరో ఒకరు కట్టాలిగా! 2019లో చట్టం మార్చి, 2020 జూలై నుంచి ఎంత కవరేజి కావాలో ఎంచుకునే వీలిచ్చారు.

ఇందులో ఇంకో చిక్కుంది. ప్రీమియం మరీ పెరిగితే కొంతమంది ఇన్సూరెన్స్ లేకుండానే నడిపేస్తారు. వాళ్లు గుద్దితే నష్టం ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల కంపెనీ మీద పడుతుంది, మళ్లీ ప్రీమియం పెరుగుతుంది, ఇంకొంతమంది మానేస్తారు. నిజాయితీగా కట్టేవాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే.

ఇప్పుడు న్యాయం సంగతి. జాగ్రత్తగా నడిపేవాడు పక్కవాళ్ల తప్పులకి ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్న కాలిఫోర్నియా జనం కూడా అడిగారు. 1988లో ఓటేసి ‘ప్రపొజిషన్ 103’ అనే చట్టం తెచ్చుకున్నారు. దాని ప్రకారం కారు ప్రీమియం లెక్కలో మొదట చూడాల్సింది డ్రైవింగ్ రికార్డు, తర్వాత ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారన్నది, ఆ తర్వాత ఎన్నేళ్ల అనుభవం అన్నది. ఉండే చోటుని చూడొచ్చు కానీ వీటికంటే తక్కువ బరువివ్వాలి.

భారతదేశం ఇంకో దారి పట్టింది. ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం దేశమంతా ఒకటే. పెట్రోలు, డీజిల్ కార్లకైతే ఇంజన్ సైజుని బట్టి మారుతుంది తప్ప ఊరిని బట్టి కాదు. సొంత కారుకి జరిగే నష్టం దగ్గరే ఊరు లెక్కలోకొస్తుంది. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె ఈ ఎనిమిదీ జోన్ ఏ, మిగతా దేశమంతా జోన్ బీ. గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి, నిజమే. కానీ గీతకి అటూ ఇటూ ఒకే రోడ్డు మీద ఉన్నవాళ్లు వేర్వేరు రేటు కడితే నాకు మాత్రం మింగుడు పడదు. నా ఓటు కాలిఫోర్నియా పద్ధతికే. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, వాదించుకుందాం.

మీలో ఒకరికి ఈపాటికే ఒక ఐడియా వచ్చి ఉంటుంది: రేటు తక్కువున్న ఊళ్లో చుట్టాల అడ్రస్ రాయిస్తే పోలా? చాలామంది చేస్తారు. పాలసీ తీసుకునేటప్పుడు ఎవరూ పెద్దగా అడగరు కూడా. కానీ క్లెయిమ్ రోజున కంపెనీవాళ్లకి కారు రాత్రుళ్లు ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఎక్కడలేనిదీ పుట్టుకొస్తుంది. అప్పుడు తప్పుడు అడ్రస్ బయటపడితే, ఇన్నాళ్లూ మిగుల్చుకున్న నాలుగు డబ్బుల కోసం మొత్తం క్లెయిమే పోగొట్టుకోవాల్సి రావచ్చు.

ప్రేమతో,
మీ తాతయ్య