వంద వాట్ల ఊళ్లకు డిజిటల్ టీవీ ఎందుకు రాలేదు?

ఊరి చివర పాత టీవీ టవరు ఉన్న పట్టణాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలానే ఉన్నాయి. టవరు ఉంది గానీ బొమ్మ రాదు. వ్యూహాత్మక ప్రాంతాల్లోని ఓ 50 తప్ప మిగిలిన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ 2022 మార్చి 31కల్లా ఆపేస్తామని 2021 అక్టోబరులో దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ప్రకటించింది. అప్పటికే 70 శాతం దాకా మూతపడ్డాయి. అనలాగ్ పోవడంలో వింతేమీ లేదు, చాలా దేశాల్లో పోయింది. దాని స్థానంలో యాంటెన్నాకు అందే డిజిటల్ టీవీ ఈ ఊళ్లకు ఎందుకు రాలేదన్నదే అసలు సంగతి. ఆ కథ ఈ టవర్లు ఎలా పుట్టాయన్న దగ్గరే మొదలవుతుంది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కింద ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గడువు తీరి ఉపగ్రహం వెళ్లిపోయింది. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైనా, దాని బొమ్మ రాజధాని చుట్టుపక్కల జిల్లాలు దాటేది కాదు.

దేశాన్నంతా టీవీతో కప్పాలంటే పెద్ద టవర్లు కట్టాలి. వాటికి డబ్బూ కావాలి, ఏళ్లూ పడతాయి. 1983లో ఢిల్లీ దగ్గరి దారి వెతికింది. మన ఉపగ్రహం ఇన్సాట్-1బి ఆ ఏడాది ఆగస్టు చివర్లో నింగికెక్కింది. 70 శాతం జనాభాకు టీవీ అందించాలంటూ 68 కోట్ల రూపాయలతో ప్రత్యేక విస్తరణ పథకం వచ్చింది. ఉపగ్రహం నుంచి పట్టుకుని చుట్టుపక్కలకు మళ్లీ వదిలే చిన్న ట్రాన్స్‌మిటర్లు చాలన్నారు. 1984లో కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున ప్రారంభించుకుంటూ పోయారు. ఆ ఏడాది చివర్లో లోక్‌సభ ఎన్నికలు ఉన్నాయన్న సంగతి ఇక్కడ మరిచిపోకూడదు.

ఈ చిన్న ట్రాన్స్‌మిటరే జనం నోట ‘రిలే కేంద్రం’, ఇంజినీర్ల భాషలో ఎల్‌పీటీ, అంటే లో పవర్ ట్రాన్స్‌మిటర్. ఒక చిన్న కట్టడం, ఆవరణలో ఆకాశం వైపు తిరిగిన పెద్ద డిష్, ఒక జనరేటరు, ఓ మోస్తరు టవరు. ఇంట్లో వెలిగే పెద్ద బల్బు ఎంత కరెంటు తాగుతుందో, అది గాల్లోకి వదిలే శక్తీ అంతే: 100 వాట్లు. కొండపల్లి మీదో కైలాసగిరి మీదో ఉండే పెద్ద ట్రాన్స్‌మిటరుది కిలోవాట్ల లెక్క. ఎల్‌పీటీ బొమ్మ పాతిక కిలోమీటర్లు దాటితే గొప్ప. అంచున ఉన్న పల్లెల్లో ఇంటికన్నా ఎత్తున గొట్టం నిలబెట్టి, యాంటెన్నా కట్టి, బూస్టరు పెట్టుకుంటే చుక్కల మధ్య మనుషులు కనపడేవారు.

దానికి సొంతంగా కార్యక్రమం వేసే ఏర్పాటు లేదు. పై నుంచి ఏది దిగితే అదే. తొలిరోజుల్లో దిగింది ఢిల్లీ ప్రసారమే కాబట్టి, హైదరాబాద్‌లో తెలుగు వార్తలు చూస్తున్న వేళ జిల్లాల్లోని రిలే కేంద్రాల కింద హిందీ, ఇంగ్లిష్ నడిచేవి. ఉపగ్రహంలో తెలుగుకు చోటు దొరికాక గానీ ఆ తేడా పోలేదు. పెద్ద నగరాలకు రెండో ఛానల్ వచ్చినా చిన్న టవరుకు మాత్రం ఒక్కటే. ఇది ఎవరి నిర్లక్ష్యమో కాదు, ఆ ఏర్పాటే అలాంటిది. కానీ తర్వాత జరిగినదంతా ఈ పునాది మీదే జరిగింది.

1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్లు ఈటీవీ, జెమిని వచ్చాయి. ఒక్క ఛానలే దిక్కైన పట్టణం కేబుల్‌కు మారడానికి ఎంతసేపు? డిజిటల్ చర్చకు వచ్చేసరికి ఎల్‌పీటీ కింద యాంటెన్నా ఇళ్లు తగ్గిపోయాయి. చూసేవాళ్లు లేరు కాబట్టి ఖర్చు దండగ అన్నారు. అక్కడ చూడటానికి రెండో ఛానలైనా పెట్టలేదన్న మాట మాత్రం ఎక్కడా వినపడలేదు.

2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ 16 నగరాల్లో డీవీబీ-టీ2 అనే పద్ధతిలో, టవరు నుంచి యాంటెన్నాకు అందే డిజిటల్ ప్రసారం మొదలుపెట్టింది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఐదు ఛానళ్లు, సిగ్నల్ పట్టే చిన్న పరికరం, డాంగిల్, తగిలిస్తే ఫోన్‌లోనూ చూడొచ్చు. ఆ జాబితాలో హైదరాబాద్ కూడా లేదు, ఇక రిలే కేంద్రాల ఊసెక్కడ? 2017 జనవరిలో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రైవేటు సంస్థలనూ ఇందులోకి రానిచ్చి, 2023 చివరికల్లా అనలాగ్‌ను పూర్తిగా ఆపాలని సిఫారసు చేసింది. దాంట్లోనూ ముందు మహానగరాలు, తర్వాత పెద్ద నగరాలు, అందరికన్నా చివర చిన్న ఊళ్లు. మూసివేత మాత్రం ఆ గడువుకన్నా ముందే వచ్చేసింది.

సాంకేతికంగానూ ఓ చిక్కుంది. అనలాగ్ బొమ్మ దూరం పెరిగేకొద్దీ మసకబారుతుంది తప్ప పోదు. డిజిటల్ అయితే ఉంటే శుభ్రంగా ఉంటుంది, లేదంటే తెర ఖాళీ. చుక్కల్లో నెట్టుకొచ్చిన అంచు పల్లెలకు అందాలంటే టవరు ఎత్తు పెంచాలి, లేదా మధ్యలో ఇంకో రిలే పెట్టాలి.

బ్రిటన్‌లో వేరేగా చేశారు. 2012లో మార్పిడి పూర్తయ్యేసరికి అక్కడ వెయ్యికి పైగా ట్రాన్స్‌మిటర్లు డిజిటల్ అయ్యాయి. లోయల్లోని చిన్న రిలేలూ అందులో ఉన్నాయి. బీబీసీ లాంటి ప్రజా ప్రసార ఛానళ్లు 98.5 శాతం ఇళ్లకు అందాలన్నది నియమం. వాణిజ్య ఛానళ్లకు ఆ కట్టుబాటు లేదు. అవి పెద్ద టవర్లకే పరిమితమై 90 శాతం ఇళ్ల దగ్గర ఆగాయి. దాంతో చిన్న రిలే కింద ఉన్నవాళ్లకు దక్కింది సగం సరుకే, జనం దానికి ‘ఫ్రీవ్యూ లైట్’ అని పేరు పెట్టారు. టీవీ ఉన్న ఇళ్లు కట్టే లైసెన్సు రుసుము మాత్రం అందరికీ ఒకటే. దానిమీద వాళ్లకు కోపం. మనకు ఆ సగం కూడా రాలేదు.

ఇక్కడ బదులుగా చూపించింది డిష్. 2004 డిసెంబరులో 33 ఛానళ్లతో మొదలైన దూరదర్శన్ వారి ఉపగ్రహ ప్రసారం డీడీ డైరెక్ట్ ప్లస్, ఇప్పటి ఫ్రీ డిష్. ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ఒక్క అప్‌లింక్‌తో దేశమంతా కవరవుతుంది, నెలనెలా కట్టేదీ లేదు. ఖర్చు లెక్కన చూస్తే వందల టవర్ల నిర్వహణ దీని ముందు నిలబడదు, ఒప్పుకోవాలి. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి అందులోనే వస్తాయి. అయితే అందులో చోటు (స్లాట్లు) వేలంలో కొనుక్కునే ప్రైవేటు ఛానళ్లలో హిందీదే పైచేయి, తెలుగువాళ్లకు అందులో మిగిలేది తక్కువ. పైగా డిష్ వాడే కేయూ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల సిగ్నల్ జోరువానకు తట్టుకోలేదు. తుపాను కబురు కావలసిన రోజునే తెర మీద ‘నో సిగ్నల్’ పడుతుంది. పాత టవర్ల వీహెచ్‌ఎఫ్ ప్రసారానికి వాన అడ్డమయ్యేది కాదు. కోస్తాలో ఇది చిన్న విషయం కాదు.

2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా 91 ఎఫ్‌ఎం రేడియో ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు. ఒక్కొక్కటీ 100 వాట్లే, అంటే చిన్న ఊళ్లకు మళ్లీ అదే కొలత. ఇక డిజిటల్ టవరు నుంచి నేరుగా ఫోన్‌కే టీవీ పంపే డీ2ఎం పద్ధతిని 19 నగరాల్లో పరీక్షిస్తామని 2024 జనవరిలో సమాచార, ప్రసార శాఖ చెప్పింది.