కామకురా షోగన్లు: అపోహలు - వాస్తవాలు

నేను చెప్పేది జపాన్ చరిత్ర పాఠాలు, అందులో ఎక్కువ తప్పుగా అర్థమయ్యేది ఈ పేరుకే పాలకులైన షోగన్ల సంగతే. కామకురా ఊళ్లో ఉన్న యోధుల ప్రభుత్వానికి పెద్ద బిరుదే షోగన్.

అపోహ: షోగన్ అంటే దేశాన్నేలిన పెద్ద యోధుడు.

వాస్తవం: 1219లో మూడో షోగన్ సానెతొమోని సొంత అన్న కొడుకే చంపేశాడు. అప్పటికే పెత్తనమంతా షోగన్ పేరు మీద పాలన నడిపే హోజో వంశం వాళ్లది. ముందు ఒక రాకుమారుణ్ణి పంపమని తప్పుకున్న చక్రవర్తి గో-తోబాని అడిగారు, ఆయన ఒప్పుకోలేదు, దాంతో చక్రవర్తి ఉండే క్యోటోలోని కుజో అనే పెద్దింటి నుంచి రెండేళ్లు కూడా నిండని యొరిత్సునెని తెచ్చుకున్నారు. 1226లో షోగన్‌ని చేశారు.

అపోహ: హోజో వాళ్లే షోగన్ అయిపోవచ్చు కదా!

వాస్తవం: కాలేరు. వాళ్లది అంత పెద్ద వంశం కాదు, మియురా లాంటి మిగతా యోధుల ఇళ్లు వాళ్లని తమతో సమానంగానే చూసేవి, దొరగా ఒప్పుకునేవి కావు. అందుకే భూముల తగాదాల్లో తీర్పు హోజోలు ఇచ్చి సంతకం వాళ్లే పెట్టినా, కాగితం మీద మాత్రం కామకురా దొర, అంటే షోగన్, ఆజ్ఞ ప్రకారం అనే రాసేవాళ్లు. ఆ పేరు లేకపోతే తీర్పుకి విలువ లేదు.

అపోహ: పాపం, షోగన్‌ని గదిలో బంధించేవాళ్లు.

వాస్తవం: లేదు. కొత్త సంవత్సరం విందులు, విలువిద్య, గుళ్ల యాత్రలు, కవితా గోష్ఠులు అన్నీ ఉండేవి. ఆరో షోగన్ మునెతకా మంచి కవి కూడా.

అపోహ: బొమ్మ పాలకుడితో ఎవరికీ ప్రమాదం లేదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే. చిన్నప్పుడు సరే, యొరిత్సునె పెద్దయ్యాక హోజోలంటే పడనివాళ్లంతా ఆయన చుట్టూ చేరారు, అందుకే 1244లో దింపేసి చిన్న కొడుకు యొరిత్సుగుని కూర్చోబెట్టారు, అయినా ఆయన కామకురాలోనే ఉండటంతో గొడవ ఆగలేదు, 1246లో కుట్ర బయటపడి క్యోటోకి పంపేశారు. 1252లో కొడుకునీ దింపి పంపించేశారు. తండ్రీకొడుకులిద్దరూ 1256లోనే పోయారు. వాళ్ల తర్వాత పదేళ్ల వయసులో వచ్చిన మునెతకాని కూడా 1266లో తిప్పి పంపి, ఆయన రెండేళ్ల కొడుకుని షోగన్‌ని చేశారు. ఎదిగితే చాలు, ఇక పంపెయ్యడమే.

ఇంకో మాట, ఆడించిన హోజోలు కూడా చివరికి అలాగే బొమ్మలయ్యారు. హోజోల పెద్ద తకతొకి కాలానికి అసలు పెత్తనం ఆయన దగ్గర పనిచేసే నాగసాకి తకసుకె చేతికి పోయింది. 1333లో కామకురా కూలిపోయేటప్పుడు షోగన్‌గా ఉన్న మొరికుని 1308 నుంచి ఆ పీఠం మీద ఉన్నాడు, కానీ ఆ యుద్ధంలో ఆయన పేరు దాదాపు ఎక్కడా వినపడదు.