మూడో మానిటర్‌కి నీళ్ళెందుకు అందవు?

“లాప్‌టాప్‌కి డాక్ (ఒకే తీగతో మానిటర్లూ పెన్‌డ్రైవ్‌లూ తగిలించే పెట్టె) కొన్నాను. రెండు మానిటర్లు వెలిగాయి, మూడోది నల్లగానే ఉంది. డాక్ పాడైందా?” అని ఒక పాఠకుడు అడిగారు. పాడవలేదండీ. పంపిన వివరాలు చూశాను. మీది చివరి ఆయకట్టు కష్టం.

డెల్టా ఊళ్ళో పెరిగినవాణ్ణి, నాకిది కాలువలాగే కనిపిస్తుంది. యూఎస్‌బీ-సీ తీగలో డేటా పరిగెత్తే దారులు నాలుగు. ఇలాంటి డాక్ వాటిలో రెండింటినే బొమ్మకి వదులుతుంది. మిగతా రెండూ పెన్‌డ్రైవ్‌కీ నెట్‌కీ. తెరకి బొమ్మ పంపే పద్ధతి డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కన ఒక్కో దారిలో సెకనుకి 5.4 గిగాబిట్లు. కానీ అవతలి చిప్ లయ తప్పకుండా చదువుకోవాలని ప్రతి 8 బిట్లనీ 10 చేసి పంపుతారు. అంటే ఐదోవంతు కాలువ గట్లే తాగేస్తాయి! రెండు దారులూ కలిసి పొలానికి, అంటే తెరలకి, చేర్చేది 8.64 గిగాబిట్లు.

ఫుల్ హెచ్‌డీ తెర సెకనుకి 60 బొమ్మలు చూపాలంటే, బొమ్మకీ బొమ్మకీ మధ్య విరామంతో కలిపి దాదాపు 3.56 గిగాబిట్లు కావాలి. ఒకే తీగ మీద రెండు మూడు తెరలకి ఎలా పంచుతారంటే, అచ్చం వంతులవారీ నీళ్ళే. కాలాన్ని 64 గడుల కట్టలుగా కోస్తారు. మొదటి గడి లస్కరుది (కాలువ నీళ్ళు పంచే మనిషి): కట్ట మొదలైందని చెప్పే గుర్తు. పంచడానికి మిగిలేవి 63. 8.64లో 3.56 వాటా లెక్కన మీ ఫుల్ హెచ్‌డీ తెర ఒక్కోదానికి 27 గడులు. రెండిటికి 54 పోగా 9 మిగిలాయి. మూడో తెరకీ 27 కావాలి మరి. లస్కరుతో ఎంత పోట్లాడినా లాభం లేదు.

4కె తెరైతే ఒక్కదానికే 12 గిగాబిట్లు దాటుతుంది, రెండు దారుల్లో పట్టదు. అప్పుడు లాప్‌టాప్ మీకు చెప్పకుండానే 60ని 30 చేసేస్తుంది, మౌస్ బాణం కప్పలా గెంతుతుంది. నేను ఆరు నెలలు అలాగే పనిచేసి, చూపు తగ్గిందనుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. లాప్‌టాప్, డాక్ రెండూ కొత్త 8.1 గిగాబిట్ల వేగం అందుకుంటే, ఆ రెండు దారుల్లోనే 12.96 వస్తుంది. 4కెకి అంచుదాకా సరిపోతుంది.

ఆయుధపూజకి డాక్‌కి బొట్టు పెట్టేవాళ్ళున్నారు, పెట్టుకోనివ్వండి. “తీసి మళ్ళీ పెట్టు” మంత్రం మాత్రం మూఢనమ్మకం కాదు. తీగ గుచ్చిన ప్రతిసారీ రెండు వైపులా ఎన్ని దారులు, ఎంత వేగం అని మళ్ళీ బేరమాడుకుంటాయి. దుమ్ము పట్టిన పిన్ను వల్ల తక్కువకి కుదిరిన బేరం రెండోసారి బాగుపడవచ్చు.

మ్యాక్‌బుక్ వాళ్ళకి వంతుల పద్ధతే లేదు. ఇలాంటి డాక్‌తో రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ వస్తుంది. అది ఆపిల్ నిర్ణయం, డాక్ తప్పు కాదు.

మీ సంగతికొస్తే, సెట్టింగుల్లో ఒక తెరని 60లోనే ఉంచి, మానిటర్లు ఒప్పుకుంటే మిగతా రెండిటినీ 30కి దించండి. 27, 14, 14 కలిపి 55. ఇంకా 8 గడులు మిగులే. వీడియోలు 60 తెర మీద చూసుకోండి, మెయిళ్ళు 30 మీద.