చిన్న క్యాబినెట్, తక్కువ చప్పుడు, తక్కువ ఖర్చు: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పీసీ అసెంబుల్ చేయించుకునేవాళ్లు ప్రాసెసర్ కోసం, ర్యామ్ కోసం షాపు షాపూ తిరిగి బేరమాడతారు. క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి మిగిలిన డబ్బుకి ఏది వస్తే అది. పగలు సీలింగ్ ఫ్యాన్ కింద తేడా తెలియదు. రాత్రి ఏసీ వేసి తలుపులు మూశాకే బల్ల మీది పెట్టె హోరు వినబడుతుంది. దాని వెనక దాదాపు ఎప్పుడూ ఉండే నమ్మకాలు ఇవి.

అపోహ: చిన్న పీసీ కావాలంటే మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు మదర్‌బోర్డు) తప్ప దారి లేదు.

వాస్తవం: మినీ ఐటీఎక్స్ బోర్డు ఒక్కో వైపు 170 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 మి.మీ. తేడా అరచేతి వెడల్పే. ఖర్చు మాత్రం రెండుచోట్ల పెరుగుతుంది: బోర్డుకి ఒకసారి, చిన్న సైజు (ఎస్‌ఎఫ్‌ఎక్స్) ఎస్‌ఎంపీఎస్‌కి, అంటే పీసీకి కరెంటు ఇచ్చే డబ్బాకి, ఇంకోసారి. ఉదాహరణకి కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 క్యాబినెట్ సుమారు 18 లీటర్లది. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. డబ్బు చూసుకుని కట్టేవాళ్లకి మైక్రో ఏటీఎక్స్ బోర్డు, మామూలు ఎస్‌ఎంపీఎస్, 25 నుంచి 30 లీటర్ల క్యాబినెట్ సరైన జోడీ. పెట్టె మీద "మినీ టవర్" అని ఉంటే నమ్మేయకండి, లెక్క వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 40 × 20 × 35 అయితే 28 లీటర్లు.

ఇక్కడో జాగ్రత్త. చవక మైక్రో ఏటీఎక్స్ బోర్డులు చాలావాటికి వెడల్పు 244 కన్నా తక్కువ ఉంటుంది. కుడి అంచు కింద స్టాండాఫ్ (బోర్డుని మోసే చిన్న స్క్రూ దిమ్మ) ఉండదు. 24 పిన్నుల కనెక్టర్ నొక్కేటప్పుడు ఆ అంచు కింద వేలు పెట్టి ఆనించండి, లేకపోతే బోర్డు వంగుతుంది.

అపోహ: ముందు భాగం మూసి, లోపల ఫోమ్ అతికించిన క్యాబినెట్టే నిశ్శబ్దంగా ఉంటుంది.

వాస్తవం: ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నాలుగైదు మి.మీ. ఫోమ్ సన్నటి కీచు శబ్దాన్ని కొంత పీలుస్తుంది కానీ, బరువైన గుంయ్‌మనే మోతని దాదాపు ఆపలేదు. పైగా గాలి పోయే ప్రతి సందులోంచీ చప్పుడు కూడా బయటికి వస్తుంది. చప్పుడుని నిజంగా శాసించేది ఫ్యాన్ వేగం. అదే ఫ్యాన్‌ని 1,200 ఆర్‌పీఎం నుంచి 600కి దించితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అంటే ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపడా గాలి ఆడే క్యాబినెట్ కావాలి. ముందు భాగం జల్లెడలా ఉండాలి. అద్దం పెట్టి పక్కన సన్నటి సందు వదిలిన డిజైన్‌లో ఫ్యాన్ అదే గాలి కోసం రెట్టింపు కష్టపడుతుంది, ఆ కష్టమే మీకు వినబడేది. షాపులో మెష్ వెనక ఫోన్ లైటు పెట్టి చూడండి. వెలుతురు ధారాళంగా వస్తేనే గాలీ వస్తుంది.

అపోహ: ఫ్యాన్లు ఎన్నుంటే అంత మంచిది. ఆరు రంగుల ఫ్యాన్లు ఉచితంగా వస్తుంటే వదులుకోవడం ఎందుకు?

వాస్తవం: ముందు ఆ ఫ్యాన్ల వైరు చివర చూడండి. నాలుగు లావు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ ఒక్కటే ఉంటే ఆ ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది, బయోస్ (బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రామ్) మాట వినదు. ఒకే చప్పుడు చేసే ఫ్యాన్ పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 3 డెసిబెల్స్ కలుస్తాయి. ఈ సైజు పెట్టెకి ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు 120 మి.మీ. పీడబ్ల్యూఎం (బోర్డు వేగం మార్చగల నాలుగు పిన్నుల) ఫ్యాన్లు చాలు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ముందొకటి, వెనకొకటి. పైకప్పులో ముందువైపు ఫ్యాన్ బిగించి గాలి బయటికి తోలకండి. ముందు నుంచి వచ్చిన చల్లగాలి కూలర్‌ని చేరకముందే వెళ్లిపోతుంది.

బయోస్‌లో చేయాల్సింది: మూడు పిన్నుల ఫ్యాన్ అయితే డీసీ మోడ్, నాలుగు పిన్నులైతే పీడబ్ల్యూఎం మోడ్. ప్రాసెసర్ వేడి 60 డిగ్రీల వరకు 700 - 800 ఆర్‌పీఎం దగ్గర ఆపండి, 75 దాటాకే వేగం పెంచండి. స్టెప్ అప్ టైమ్ (ఫ్యాన్ వేగం పెరగడానికి పట్టే సమయం) ఉంటే పెంచండి. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ ఉలిక్కిపడడం ఆగుతుంది. నెమ్మదిగా స్థిరంగా సాగే శబ్దాన్ని చెవి మర్చిపోతుంది, హెచ్చుతగ్గుల్ని మర్చిపోదు. డీసీ మోడ్‌లో 40 శాతం కన్నా దించితే కొన్ని ఫ్యాన్లు స్టార్ట్ కావు. పీసీ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసి, తిరుగుతున్నాయో లేదో చూడండి.

అపోహ: క్యాబినెట్‌తోపాటు ఎస్‌ఎంపీఎస్ వస్తే ఆదా.

వాస్తవం: కాదు. లేబుల్ మీద 450 వాట్లని ఉన్నా 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పే సర్టిఫికెట్) లేనివి, లోపల చిన్న ఫ్యాన్ కీచుమనేవి చాలా ఉంటాయి. విడిగా కొనండి.

అపోహ: లిక్విడ్ కూలర్ పెడితే చప్పుడే ఉండదు.

వాస్తవం: రేడియేటర్‌కీ ఫ్యాన్లే కావాలి, పైగా పంపు శబ్దం అదనం. 65 వాట్ల ప్రాసెసర్‌కి 150 - 155 మి.మీ. ఎత్తు టవర్ ఎయిర్ కూలర్ ఒకటి సరిపోతుంది.

అపోహ: స్పెసిఫికేషన్‌లో "పడుతుంది" అని ఉంటే పట్టినట్టే.

వాస్తవం: అంకెల వెనక షరతులు ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు పొడవు చాలాచోట్ల ముందు ఫ్యాన్ లేకుండా చెప్పినదే. లోపల ఫ్యాన్ బిగిస్తే 25 మి.మీ. తీసేయండి. కూలర్ ఫ్యాన్ కింద ఎత్తైన ర్యామ్ ఉంటే ఫ్యాన్ పైకి జరిగి సైడ్ ప్యానెల్‌కి తగులుతుంది. స్లాట్‌కి స్లాట్‌కి దూరం 20.32 మి.మీ., కాబట్టి మూడు స్లాట్ల కార్డు అంటే 61 మి.మీ. మందం. కార్డుకీ, కింద ఎస్‌ఎంపీఎస్ మీద కప్పిన రేకుకీ మధ్య కనీసం 15 - 20 మి.మీ. ఖాళీ లేకపోతే కార్డు ఫ్యాన్లు ఊపిరాడక అరుస్తాయి. మాడ్యులర్ (వైర్లు విడిగా తగిలించే) ఎస్‌ఎంపీఎస్ అయితే దాని పొడవుకి, వైర్లు వంగడానికి మరో 30 మి.మీ. కలపండి.

అపోహ: రివ్యూలో చల్లగా ఉంటే మన ఇంట్లోనూ చల్లగానే.

వాస్తవం: 22 డిగ్రీల గదిలో కొలిచింది మే నెలలో 36 డిగ్రీల గదికి వర్తించాలంటే ప్రతి అంకెకీ 14 కలపాలి. అందుకే వేడి పుట్టుకనే తగ్గించడం మేలు: గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ని (అది వాడే కరెంటు హద్దుని) 80 శాతానికి దించితే చాలా కార్డుల్లో ఫ్రేమ్ రేట్ పెద్దగా పడిపోదు, ఫ్యాన్ల వేగం మాత్రం స్పష్టంగా దిగుతుంది. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మన దుమ్ముకి ముందు ఫిల్టర్ నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి, విపరీత వేగానికి బేరింగ్ పాడవుతుంది.

అపోహ: వినబడేదంతా ఫ్యాన్ల చప్పుడే.

వాస్తవం: సైడ్ ప్యానెల్ మీద అరచెయ్యి గట్టిగా ఆనించండి. మోత ఆగితే అది పల్చటి రేకు అదురు. 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకి 120 సార్లు తిరుగుతూ రేకుని ఊపుతుంది. డిస్క్ కింద రబ్బరు వాషర్లు వేయండి, వీలైతే ఎస్‌ఎస్‌డీకి మారండి. గేమ్ మెనూలో మాత్రమే కీచుమంటే అది గ్రాఫిక్స్ కార్డు కాయిల్ (లోపలి తీగచుట్ట) శబ్దం. దానికోసం క్యాబినెట్ మార్చడం దండగ. ఫ్రేమ్ రేట్‌కి 60 దగ్గర హద్దు పెట్టి చూడండి, చాలావరకు తగ్గుతుంది.